తివాచీల శుభ్రత, మరకల తొలగింపు

తివాచీ అనగా నేలపై పరచుటకు ఉన్ని, నూలు, పట్టు, జనపనార లేదా కృత్రిమ పోగులతో నేసిన మందమైన పరుపు. దీనినే రత్నకంబళి అని కూడా అంటారు. నూగు లేకుండా నూలుతో పలుచగా నేసిన దానిని తెలుగునాట జంబుఖానా లేదా జంపఖానా అని పిలుస్తారు. నేలపై ఉండే వస్తువు కనుక దుమ్ము, తడి, మరకలు దుస్తుల కంటే దీనికే ఎక్కువగా అంటుతాయి. కాని దుస్తులవలె తరచుగా ఉతుకుటకు వీలు కాదు. అందువలన తివాచీని ఉన్నచోటనే శుభ్రపరచు పద్ధతులు ప్రత్యేకంగా ఏర్పడ్డాయి.

నెలల తరబడి మగ్గంపై ముడివేసిన తివాచీ పాడవడానికి ఎక్కువ కాలం పట్టదు. చాలా సందర్భాలలో దానిని పాడుచేసేది మరక కాదు, మరకను పోగొట్టాలనే తొందరలో చేసిన తప్పుడు చికిత్స. వేడినీరు, బట్టల సోడా, బ్లీచ్, గట్టి బ్రష్షు అనేవి ఈ తప్పులలో ముఖ్యమైనవి.

చరిత్ర

ఇప్పటివరకు దొరికిన ముడి తివాచీలలో అతి ప్రాచీనమైనది పజిరిక్ తివాచీ. దీనిని 1949లో సైబీరియాలోని ఆల్తాయ్ పర్వతాలలో ఒక సమాధి నుండి సెర్గీ రుదెంకో అనే పురాతత్వవేత్త వెలికితీశాడు. ఇది క్రీ.పూ. 5-4 శతాబ్దాల నాటిదని అంచనా. సమాధిలోకి చేరిన నీరు గడ్డకట్టడం వలన మంచులో నిలిచి చెడిపోకుండా ఉన్నది. ప్రస్తుతం ఇది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ ప్రదర్శనశాలలో ఉన్నది. పురుగు, తేమ, వెలుతురు సోకకపోతే ఉన్ని ఎంతకాలం నిలువగలదో దీనివలన తెలుస్తుంది.

యంత్రాలు రాక పూర్వం తివాచీలను తాడుపై ఆరవేసి కర్రతో గాని, పేము బెత్తంతో గాని కొట్టి దుమ్ము దులిపేవారు. 1876లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌కు చెందిన మెల్విల్ బిసెల్, తిరిగే బ్రష్షుతో తివాచీని ఊడ్చే యంత్రానికి పేటెంటు పొందాడు. 1901లో ఇంగ్లండుకు చెందిన హ్యూబర్ట్ సెసిల్ బూత్ గాలిని పీల్చి దుమ్ము లాగే యంత్రాన్ని రూపొందించాడు. మొదట ఇది గుర్రాలు లాగే పెద్ద బండి రూపంలో ఉండేది. వీధిలో నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల గుండా ఇళ్ళలోకి పంపేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబ్బేలోని తివాచీలను ఈ యంత్రంతోనే శుభ్రం చేశారు. 1908లో అమెరికాకు చెందిన జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఇంట్లో వాడదగిన చిన్న విద్యుత్ యంత్రానికి పేటెంటు పొందాడు. ఆ హక్కులను హూవర్ కుటుంబం కొన్నది.

తెలుగునాట తివాచీలు

తెలుగు ప్రాంతాలలో ఏలూరు, వరంగల్లు తివాచీలకు పేరుపొందినవి. పర్షియా నుండి సముద్రమార్గాన వచ్చి స్థిరపడిన నేతగాళ్ళు ఏలూరులో ఉన్ని తివాచీల నేతను ప్రారంభించారని చెబుతారు. సమీపంలోని మచిలీపట్నం రేవు ఈ వ్యాపారానికి తోడ్పడింది. వరంగల్లు తివాచీలు 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో ప్రదర్శింపబడినవి. నేడు వరంగల్లులోని కొత్తవాడ నూలు జంబుఖానాల నేతకు ప్రసిద్ధి. వరంగల్లు జంబుఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఉత్తర ప్రదేశ్‌లోని భదోహి, మీర్జాపూర్ ప్రాంతం, కాశ్మీరు భారతదేశంలోని ఇతర ముఖ్య కేంద్రాలు.

జపానులోని క్యోటో నగరంలో ప్రతి జూలైలో జరిగే గియోన్ ఉత్సవపు రథాలకు అలంకరణగా కట్టే పాత తివాచీలలో కొన్నింటిని పరిశోధకులు దక్కను ప్రాంతపు నేతగా గుర్తించారు. డచ్చి వర్తకుల ద్వారా అక్కడకు చేరిన ఈ తివాచీలను నేలపై పరచకుండా, సంవత్సరంలో కొద్ది రోజులు మాత్రమే బయటకు తీసి, మిగిలిన కాలం భద్రపరచడం వలన అవి శతాబ్దాలు గడిచినా నిలిచాయి. తేమ, పురుగు ఎక్కువగా ఉండే మన వాతావరణంలో, నిత్యం వాడుకలో ఉన్నవి అంతకాలం నిలవడం అరుదు.

పోగును గుర్తించుట

ఏ మరకకైనా చికిత్స మొదలుపెట్టే ముందు తివాచీ ఏ పోగుతో చేయబడినదో తెలిసి ఉండాలి. ఒక పోగుకు మేలు చేసేది మరొకదానికి కీడు చేస్తుంది.

* ఉన్ని, పట్టు: ఇవి మాంసకృత్తులు. ఉన్నిలో ఉండేది మన వెంట్రుకలలో, గోళ్ళలో ఉండే కెరాటిన్. క్షారాలు, క్లోరిన్ బ్లీచ్ దీనిని కరిగించివేస్తాయి. పలుచని ఆమ్లాలను ఇది తట్టుకొంటుంది. ఉన్ని తన బరువులో సుమారు మూడవ వంతు తేమను పీల్చుకొని కూడా పైకి తడిగా అనిపించదు. అందువలన పైన ఆరినట్లున్నా లోపల చెమ్మ ఉండవచ్చు.
* నూలు, జనపనార: ఇవి సెల్యులోజు. క్షారాలను కొంతవరకు ఓర్చుకొంటాయి గాని గాఢమైన ఆమ్లాలకు పాడవుతాయి. జనపనార ఎక్కువగా తడిస్తే ఆరేటప్పుడు గోధుమరంగు మచ్చలు తేలుతాయి.
* నైలాన్, పాలియెస్టర్, పాలీప్రొపిలీన్: ఇవి కృత్రిమ పోగులు. నీటికి చెడవు. అయితే పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ పోగులు నూనెను గట్టిగా పట్టుకొంటాయి. పాలీప్రొపిలీన్ సుమారు 165 °సె. వద్ద కరుగుతుంది కనుక దానిపై ఇస్త్రీపెట్టె పెట్టకూడదు.

పోగు తెలియనప్పుడు అంచు నుండి ఒక దారాన్ని తీసి, లోహపు పళ్ళెంలో ఉంచి కాల్చి చూడవచ్చు. ఉన్ని, పట్టు కాలిన వెంట్రుకల వాసననిస్తాయి. నూలు, జనపనార కాలిన కాగితపు వాసననిచ్చి బూడిద అవుతాయి. కృత్రిమ పోగు కరిగి గట్టి పూసగా మారుతుంది. ఈ పరీక్షను తివాచీకి దూరంగా చేయాలి.

తివాచీ వెనుకభాగం కూడా చూడాలి. చేతితో ముడివేసిన తివాచీలో ముందున్న చిత్రమే వెనుక స్పష్టంగా కనిపిస్తుంది. వెనుక గుడ్డ అతికించి ఉంటే లోపల లాటెక్స్ అనే రబ్బరు జిగురు ఉంటుంది. ఇటువంటి వాటిని నీటిలో నానబెట్టినా, స్పిరిట్ వంటి ద్రావణులను ధారాళంగా పోసినా జిగురు చెడి, నూగు ఊడివస్తుంది.

నిత్య సంరక్షణ

తివాచీకి ప్రధాన శత్రువు ఇసుక. పైకి కనిపించకుండా నూగు అడుగుకు చేరిన ఇసుక రేణువులు, నడిచిన ప్రతిసారీ పోగుల మొదళ్ళను ఆకురాయి వలె కోస్తాయి. చెప్పులు గుమ్మం వెలుపల విడిచే మన ఆచారం తివాచీలకు గొప్ప రక్షణ. గుమ్మం లోపల, వెలుపల కాళ్ళు తుడుచుకునే పట్టాలను ఉంచితే ఇంకా మేలు.

ఎక్కువగా నడిచే చోట వారానికి రెండుసార్లు, ఇతర చోట్ల వారానికొకసారి వాక్యూమ్ క్లీనరుతో దుమ్ము తీయడం మంచిది. చేతినేత తివాచీలపై తిరిగే బ్రష్షు లేని ముక్కును వాడాలి. నూగు వాలిన దిశలో నడపాలి. అంచు కుచ్చులపై యంత్రాన్ని పోనీయకూడదు. యంత్రం లేనివారు తివాచీని బోర్లా వేసి వెనుకవైపు మృదువుగా తట్టినా ఇసుక రాలుతుంది. పాతబడిన తివాచీలను, లాటెక్స్ జిగురు ఉన్నవాటిని కర్రతో బాదితే పడుగు, పేక తెగి చిల్లులు పడతాయి.

కొత్త ఉన్ని తివాచీ నుండి కొన్ని నెలల పాటు నూగు రాలడం సహజం. ఒక్కొక్కచోట పోగు పైకి లేస్తే దానిని లాగకుండా కత్తెరతో సమంగా కత్తిరించాలి. ఆరు నెలలకొకసారి తివాచీని తిప్పి పరచితే అరుగుదల, ఎండకు వెలయడం అన్నివైపులా సమంగా ఉంటాయి. సామానుల కాళ్ళ వలన పడిన గుంటపై చిన్న మంచుముక్క ఉంచి, కరిగిన తరువాత నీటిని అద్ది, వేళ్ళతో నూగును లేపితే గుంట చాలావరకు పూడుతుంది.

మరకల తొలగింపు - సాధారణ సూత్రాలు

మరక ఏదైనప్పటికీ ఈ క్రింది క్రమం వర్తిస్తుంది.

1. ఆలస్యం చేయరాదు. తడిగా ఉన్న మరక పోగు ఉపరితలంపై మాత్రమే ఉంటుంది. ఆరేకొద్దీ రంగు పోగులోనికి ఇంకుతుంది.
2. గట్టి పదార్థాన్ని ముందుగా చెంచాతో గాని, మొండి కత్తితో గాని అంచు నుండి మధ్యకు ఎత్తివేయాలి.
3. తెల్లని నూలు గుడ్డతో అద్దాలి. రుద్దకూడదు. రుద్దితే మరక విస్తరించడమే కాక పోగుల పురి విడిపోయి, ఆ చోటు శాశ్వతంగా వేరుగా కనిపిస్తుంది. రంగు గుడ్డ వాడితే దాని రంగు కూడా తివాచీకి అంటవచ్చు.
4. ఏ ద్రవాన్నైనా ముందుగా కనిపించని మూలలో పరీక్షించాలి. తడిపిన తెల్లగుడ్డను కొన్ని నిమిషాలు అదిమి ఉంచి చూడాలి. గుడ్డకు రంగు అంటితే ఆ తివాచీపై ఇంట్లో తడి చికిత్స చేయకపోవడం మంచిది.
5. ద్రవాన్ని తివాచీపై పోయక, గుడ్డపై తీసుకొని, మరక అంచు నుండి మధ్యకు అద్దుతూ పోవాలి.
6. చివర మంచినీటితో రెండు, మూడు మార్లు అద్ది సబ్బును పూర్తిగా తీయాలి. మిగిలిన సబ్బు జిగురుగా ఉండి కొత్త దుమ్మును ఆకర్షిస్తుంది. శుభ్రం చేసిన చోటే మళ్ళీ త్వరగా మాయడానికి కారణం ఇదే.
7. పొడిగుడ్డల మడతను పరచి, పైన బరువు పెట్టి తడిని లాగనివ్వాలి. తరువాత పంకా గాలికి ఆరనివ్వాలి.

పోయిందనుకొన్న మరక మరునాడు తిరిగి కనిపించడం చాలామందికి అనుభవమే. అడుగున మిగిలిన ద్రవం ఆరేటప్పుడు, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లు, కేశనాళిక చర్య వలన పోగుల చివరలకు ఎక్కుతుంది. నీరు ఆవిరైపోయి రంగు కొనలపై మిగులుతుంది. ఏడవ సూత్రంలోని గుడ్డల మడత ఇందుకొరకే. ఎక్కిన రంగు తివాచీ కొనలపై కాక గుడ్డపై నిలుస్తుంది.

ఇంట్లో వాడదగిన ద్రావణాలు

* డిటర్జెంట్ నీరు: ఒక కప్పు గోరువెచ్చని నీటిలో పావు చెంచా గిన్నెలు తోమే ద్రవం. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రపడుతుందనుకోవడం పొరపాటు. అందులో బ్లీచ్ ఉండకూడదు.
* వెనిగర్ నీరు: ఒక వంతు తెల్ల వెనిగరుకు రెండు వంతుల నీరు. టీ, కాఫీ మరకలకు, మిగిలిన క్షారాన్ని తటస్థపరచడానికి ఉపయోగపడుతుంది.
* సర్జికల్ స్పిరిట్: బాల్ పెన్ను సిరా, పసుపు వంటి వాటికి. ఇది మండే గుణం కలది. గుడ్డకు కొద్దిగా మాత్రమే అద్దుకోవాలి.
* కుంకుడుకాయ రసం: ఇందులోని సాపోనిన్లు నురుగునిచ్చి మురికిని విడదీస్తాయి. పట్టుచీరలు, ఉన్ని దుస్తులు ఉతుకుటకు తరతరాలుగా వాడుకలో ఉన్నది. లేత రంగులపై గోధుమఛాయ మిగల్చవచ్చు.
* హైడ్రోజన్ పెరాక్సైడ్ 3 శాతం: ఇది రంగును విరుస్తుంది. తెలుపు లేదా లేతరంగు కృత్రిమ తివాచీలపై మాత్రమే, పరీక్షించిన తరువాత వాడాలి.

బట్టల సబ్బు తివాచీలకు తగదు. అది క్షారగుణం కలది. అంతేకాక బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలతో కలిసి తెల్లని తెట్టుగా మారి నూగులో నిలిచిపోతుంది. ఎంజైములు కలిసిన బట్టల పొడులు నూలు, కృత్రిమ పోగులపై బాగా పనిచేస్తాయి. కాని వాటిలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైము ఉంటుంది. అది ఉన్నిని, పట్టును కూడా అలాగే విడగొడుతుంది.

వంట సోడా, వెనిగరు కలిపి పోస్తే బాగా నురుగు వస్తుంది గాని ఫలితం తక్కువ. రెండూ ఒకదానినొకటి తటస్థపరచుకొని సోడియం అసిటేట్, నీరు, కార్బన్ డయాక్సైడ్ మాత్రమే మిగులుతాయి. వంట సోడాను విడిగా, పొడిగా చల్లి, కొన్ని గంటల తరువాత తీసివేస్తే దుర్వాసన తగ్గుతుంది.

మరకలు - చికిత్సలు

పసుపు

తెలుగు ఇళ్ళలో అతి సాధారణమైన, అతి మొండిదైన మరక ఇదే. పసుపులోని రంగు పదార్థం కర్‌క్యుమిన్. ఇది నీటిలో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేటప్పుడు జరిగేది ఈ చర్యయే. పసుపు మరకపై సబ్బు రాయగానే ఎర్రగా మారడానికి కారణం కూడా ఇదే. మరక పెరిగిందని కంగారుపడి మరింత సబ్బు రాయడం తప్పు. వెనిగర్ నీటితో అద్దితే ఎరుపు తిరిగి పసుపుగా మారుతుంది. తరువాత స్పిరిట్ అద్దిన గుడ్డతో, గుడ్డను మారుస్తూ, రంగు రావడం ఆగేవరకు అద్దాలి. కర్‌క్యుమిన్ సూర్యకాంతికి విచ్ఛిన్నమవుతుంది. కనుక మిగిలిన లేత పసుపుఛాయ కొన్ని రోజుల లేత ఎండలో పోతుంది. ఎండ తివాచీ రంగును కూడా వెలయజేస్తుంది కనుక మరక ఉన్న భాగానికే ఎండ తగిలేలా చూడాలి.

కుంకుమ, ముగ్గు రంగులు

పొడిగా ఉన్న రంగుకు నీరు తగలనీయరాదు. ముందు వాక్యూమ్ గొట్టంతో లాగాలి, లేదా తివాచీని నిలబెట్టి వెనుక నుండి తట్టాలి. మిగిలిన పొడిని జిగురు టేపుతో ఎత్తవచ్చు. పసుపు, సున్నంతో చేసిన కుంకుమకు పసుపు చికిత్స వర్తిస్తుంది. కృత్రిమ రంగులు కలిసినవి ఒకసారి తడిస్తే పోవడం కష్టం.

టీ, కాఫీ

వీటి గోధుమరంగుకు టానిన్లు ముఖ్య కారణం. మన టీ, కాఫీలలో పాలు, చక్కెర కూడా ఉంటాయి కనుక చికిత్స మూడు దశలలో జరగాలి. మొదట చన్నీటితో చక్కెరను, పాలలోని మాంసకృత్తులను తీయాలి. తరువాత డిటర్జెంట్ నీటితో వెన్నను, చివర వెనిగర్ నీటితో టానిన్లను తీయాలి. మొదటనే వేడినీరు పోస్తే పాలలోని మాంసకృత్తులు పోగుకు పట్టుకొంటాయి.

నూనె, నెయ్యి, ఆవకాయ

నూనె పడగానే మొక్కజొన్న పిండిని గాని, టాల్కం పౌడరును గాని మందంగా చల్లి, కొన్ని గంటలు ఉంచి తీసివేయాలి. పిండి నూనెను పీల్చుకొంటుంది. పిండి మిగిలితే చీమలు, పురుగులు చేరుతాయి కనుక పూర్తిగా తీయాలి. తరువాత డిటర్జెంట్ నీటితో అద్దాలి. ఆవకాయలోని మిరపకాయ ఎరుపు నూనెలో కరిగే రంగు. కావున నూనెను తీసినకొద్దీ ఎరుపు కూడా పోతుంది. చివరకు మిగిలేది పసుపు మాత్రమే.

రక్తం, పాలు, పెరుగు, గుడ్డు

ఇవన్నీ మాంసకృత్తులు కలవి. చన్నీరు మాత్రమే వాడాలి. వేడికి గుడ్డు గట్టిపడినట్లే రక్తం కూడా పోగుపై గడ్డకట్టి నిలిచిపోతుంది. చన్నీటితో అనేకమార్లు అద్దిన తరువాత చల్లని డిటర్జెంట్ నీరు వాడాలి. రక్తపు మరకలను శుభ్రపరచేటప్పుడు చేతితొడుగులు వేసుకోవాలి.

పిల్లల, పెంపుడు జంతువుల మూత్రం

తాజా మూత్రం సాధారణంగా కొద్దిగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. నిలువ ఉన్నకొద్దీ సూక్ష్మజీవులు అందులోని యూరియాను అమ్మోనియాగా మార్చుతాయి. దానితో క్షారగుణం వచ్చి తివాచీ రంగును శాశ్వతంగా మార్చగలదు. వెంటనే అద్ది, నీటితో, ఆపై వెనిగర్ నీటితో శుభ్రం చేయాలి. అమ్మోనియా కలిసిన ద్రవాలు వాడితే ఆ వాసనకు జంతువు తిరిగి అదేచోట మూత్రం పోసే అవకాశం ఉన్నది.

సిరా

ఫౌంటెన్ పెన్ను సిరాలు చాలావరకు నీటిలో కరిగేవి. చన్నీటితో, డిటర్జెంటుతో అద్దాలి. బాల్ పెన్ను సిరాకు స్పిరిట్ అవసరం. సిరాపై నీరు పోసి చేతితో రాస్తే మరక పలుమడుగులు పెరుగుతుంది.

తాంబూలం

కాచు, వక్కలలోని టానిన్లు సున్నంతో కలిసి ఇచ్చే ఎరుపు త్వరగా పోగును పట్టుకొంటుంది. తాజాగా ఉన్నప్పుడు డిటర్జెంట్ నీరు, ఆపై వెనిగర్ నీరు వాడితే చాలావరకు పోతుంది. పాతబడినది పూర్తిగా పోవడం అరుదు.

గోరింటాకు

గోరింటాకులోని లాసోన్ అనే పదార్థం కెరాటిన్‌తో బంధమేర్పరచుకొంటుంది. గోళ్ళు పండేది ఇందువల్లనే. ఉన్ని కూడా కెరాటినే కనుక గోళ్ళవలెనే పండుతుంది. ముద్దను వెంటనే ఎత్తివేయడం ఒక్కటే మార్గం. పండిన మరకకు ఇంట్లో చేయదగిన చికిత్స లేదు.

మైనం, చూయింగ్ గమ్

ప్లాస్టిక్ సంచిలో మంచుముక్కలు వేసి పైన ఉంచితే గట్టిపడి పెళుసుగా మారుతాయి. అప్పుడు చిదిపి ఎత్తివేయాలి. మిగిలిన మైనంపై తెల్లకాగితం పరచి, ఉన్ని లేదా నూలు తివాచీ అయితే, తక్కువ వేడిగల ఇస్త్రీపెట్టెను కొద్దిసేపు తాకించాలి. కరిగిన మైనాన్ని కాగితం పీల్చుకొంటుంది.

బురద

బురదకు మాత్రం తొందర పనికిరాదు. తడిగా ఉండగా తుడిస్తే లోనికి పోతుంది. పూర్తిగా ఆరనిచ్చి, చిదిపి, వాక్యూమ్ చేసి, మిగిలిన మచ్చను డిటర్జెంట్ నీటితో అద్దాలి.

గోళ్ళరంగు, తుప్పు

గోళ్ళరంగును కరిగించే అసిటోన్ కొన్ని కృత్రిమ పోగులను, లాటెక్స్ జిగురును కూడా కరిగిస్తుంది. పరీక్షించిన తరువాతనే చుక్కలుగా గుడ్డపై తీసుకోవాలి. ఇనుప మంచాలు, బీరువాల కాళ్ళ వలన పడే తుప్పు మరకను నిమ్మరసంతో అద్ది, వెంటనే నీటితో తీసివేయాలి. ఇందుకు వాడే ఆక్సాలిక్ ఆమ్లం విషపూరితం కనుక ఇంట్లో వాడకపోవడం మంచిది.

ప్రమాదకరమైన మిశ్రమాలు

శుభ్రపరచే రసాయనాలను తోచినట్లు కలపడం ప్రాణాంతకం కాగలదు. బ్లీచ్ ద్రవానికి గాని, బ్లీచింగ్ పౌడరుకు గాని ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మరుగుదొడ్లు కడిగే ద్రవాలలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. వెనిగరు కూడా ఆమ్లమే. బ్లీచ్‌కు అమ్మోనియా తగిలితే క్లోరమిన్ వాయువులు వెలువడతాయి. ఈ వాయువులు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. పాతబడిన మూత్రంలో అమ్మోనియా ఉంటుంది కనుక దానిపై బ్లీచ్ పోయడం కూడా ప్రమాదమే. పొరపాటున ఇటువంటి వాయువు వెలువడితే వెంటనే బయటి గాలిలోకి వెళ్ళాలి. ఊపిరాడకపోయినా, దగ్గు తగ్గకపోయినా వైద్యుని చూడాలి.

కిరోసిన్, పెట్రోలుతో తివాచీలను తుడవడం అగ్నిప్రమాదానికి దారితీస్తుంది. ఫినాయిలు వాసనను కప్పిపుచ్చుతుంది గాని మరకను తీయదు.

పురుగులు, ధూళి నల్లులు

ఉన్ని తివాచీలకు బట్టల చిమ్మట, తివాచీ పెంకుపురుగు అనేవి ముఖ్య శత్రువులు. ఉన్నిని తినేవి వీటి లార్వాలు. ఇవి వెలుతురును తప్పించుకొని మంచాలు, బీరువాల క్రింద, మడతలలో చేరుతాయి. చెమట, నూనె, ఆహారం అంటిన చోటును ముందుగా తింటాయి. అందువలన శుభ్రతయే మొదటి రక్షణ. సామానుల క్రింది భాగాన్ని నెలకొకసారి వాక్యూమ్ చేసి, తివాచీ వెనుకవైపు కూడా చూడాలి.

కలరా ఉండలు అని వాడుకలో ఉన్న నాఫ్తలీన్ ఉండలను జాగ్రత్తగా వాడాలి. జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో, ముఖ్యంగా శిశువులలో, నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేసి తీవ్రమైన రక్తహీనత, కామెర్లు కలిగించగలదు. పసిపిల్లలు పాకే తివాచీ మడతలలో వీటిని ఉంచరాదు. నిలువ ఉంచిన తివాచీని తీసినప్పుడు కొన్ని రోజులు గాలికి ఆరవేసిన తరువాతనే పరచాలి.

ధూళి నల్లులు కంటికి కనిపించనంత సూక్ష్మమైన జీవులు. ఇవి మనుషుల చర్మం నుండి రాలిన పొలుసులను తిని, తేమ గాలిలో వృద్ధి చెందుతాయి. వీటి మలం ఉబ్బసం, తుమ్ములు, చర్మపు దురదలకు కారణం కాగలదు. కోస్తా జిల్లాలలో గాలిలో తేమ ఎక్కువ కనుక ఈ సమస్య కూడా ఎక్కువ. ఉబ్బసం ఉన్నవారి పడకగదిలో మందమైన తివాచీకి బదులు, ఉతుకుటకు వీలైన పలుచని జంబుఖానా వాడుట మేలు. సూక్ష్మధూళిని ఆపగల హెపా వడపోత ఉన్న వాక్యూమ్ క్లీనరును వాడాలి. శుభ్రం చేసేటప్పుడు రోగి ఆ గదిలో ఉండకూడదు.

నీట మునిగిన తివాచీలు

తుఫాను, వరద నీటిలో తడిసిన తివాచీని 24 నుండి 48 గంటలలోగా ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. తడిసిన తివాచీ చాలా బరువుగా ఉంటుంది. ఒక అంచు పట్టి ఎత్తితే పడుగు తెగుతుంది. దానిని చుట్టచుట్టి, ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తాలి. మంచినీటితో బురదను కడిగి, నీడలో గాలి రెండువైపులా తగిలేలా బల్లలపై పరచాలి. మురుగునీరు చేరిన నేలకు అతికించిన తివాచీలను, వెనుక జిగురు ఉన్నవాటిని ఆరోగ్యం దృష్ట్యా పారవేయడమే మంచిది. బూజుపట్టిన తివాచీని ఇంటి లోపల దులిపితే బూజు రేణువులు గాలిలో వ్యాపిస్తాయి.

జంబుఖానాల శుభ్రత

పెళ్ళిళ్ళు, హరికథలు, భజనలు, బడి వార్షికోత్సవాలలో పరచే నూలు జంబుఖానాలకు నూగు ఉండదు. వీటిని దులిపి, ఎండలో వేసి, అవసరమైతే చన్నీటిలో ఉతకవచ్చు. ముదురు రంగులు, అచ్చు వేసిన చిత్రాలు ఉన్నవాటిని రంగు పరీక్ష చేయకుండా తడపరాదు. మొదటి ఉతుకులో ఇతర బట్టలతో కలపకూడదు. నూలు కొంత కుంచించుకుపోతుంది కనుక తడిగా ఉండగానే అంచులను లాగి, సమంగా పరచి ఆరవేయాలి. చెమ్మ ఉండగా మడిచిపెడితే నల్లని బూజు మచ్చలు పడతాయి, అవి పోవు.

విదేశాలలో గోడ నుండి గోడకు పరచిన తివాచీలు

అమెరికా వంటి దేశాలలో అద్దె ఇళ్ళలో గది అంతటా తివాచీ అతికించి ఉండటం సాధారణం. అక్కడ నివసించే తెలుగువారికి పసుపు, నూనె మరకలు ఆర్థిక సమస్య కూడా. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మామూలు అరుగుదలకు మించిన మరకల ఖర్చును యజమానులు డిపాజిట్ నుండి మినహాయించుకోవచ్చు. ఇంట్లో చేరే రోజున ఉన్న మరకలను ఫొటోలు తీసి, రాతపూర్వకంగా తెలియజేయడం ఉపయోగకరం. ఈ తివాచీలలో ఎక్కువ భాగం నైలాన్, పాలియెస్టర్ పోగులవి కనుక, లేత రంగువి అయితే, పరీక్షించిన తరువాత మొండి పసుపుఛాయకు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడవచ్చు. భోజనపు బల్ల క్రింద, పూజ చేసుకొనే చోట అదనంగా ఒక చాప గాని, ఉతకదగిన పరుపు గాని పరచడం అన్నిటికన్నా సులువైన ఉపాయం.

నిపుణులకు అప్పగించవలసిన సందర్భాలు

పట్టు తివాచీలు, రంగు కారే తివాచీలు, పాతకాలపు చేతినేతలు, పెద్దభాగంలో మూత్రం ఇంకినవి, పురుగు తిన్నవి నిపుణులకు అప్పగించాలి. నిత్యం వాడే తివాచీలను 12 నుండి 18 నెలలకొకసారి పూర్తిగా శుభ్రపరచడం మంచిది. అతికించిన కృత్రిమ తివాచీలకు, వేడినీటిని చిమ్మి వెంటనే పీల్చివేసే యంత్రపద్ధతి ఎక్కువగా వాడుకలో ఉన్నది. చేతినేత ఉన్ని తివాచీలను ముందు దుమ్ము పూర్తిగా దులిపి, చన్నీటిలో తటస్థ డిటర్జెంటుతో రెండువైపులా కడిగి, పరచి ఆరబెడతారు.

భద్రపరచుట

నిలువ ఉంచే ముందు తివాచీని శుభ్రపరచి, పూర్తిగా ఆరబెట్టాలి. మడత పెట్టరాదు, మడతల వద్ద పడుగు విరుగుతుంది. నూగు వాలిన దిశలో, ఒక గొట్టం చుట్టూ చుట్టి, ఉతికిన నూలుగుడ్డలో కట్టాలి. ప్లాస్టిక్ సంచిలో కడితే తేమ లోపలే నిలిచి బూజు పడుతుంది. నేలకు తగలకుండా, గాలి ఆడే పొడిచోట ఉంచి, వర్షాకాలం ముగిసిన తరువాత ఒకసారి విప్పి చూడాలి. వేపాకు పొరల మధ్య ఉంచే అలవాటు మన ప్రాంతంలో ఉన్నది. ఆకు పూర్తిగా ఎండినదై ఉండాలి, తివాచీకి నేరుగా తగలకుండా గుడ్డలో కట్టి ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* ఏలూరు
* వరంగల్లు జంబుఖానాలు
* ఉన్ని
* పసుపు
* డిటర్జెంట్
* చేనేత